బ్రౌను దొర – మా ఊరి దొరువు

నెల్లూరి నుండి తూర్పుగా సముద్రమువైపు పోవు దారిలో మా ఊరు తోటపల్లి గూడూరు కలదు. ఊరికి పడమట పెన్న కాలువల నీటితో పండు వరిపొలములు. తూర్పుగా పోయినకొలది నేల తేలికపడి, కోడూరు చేరునప్పటికి కాలు మోపిన దిగబడు ఇసుక. కాలువ నీరు అందని ఆ ఇసుక నేలలలో సేద్యము చేసుకొనువారికి చిరకాలముగా ఆధారమైనది దొరువు.

దొరువు బావి కాదు, కుంటయు కాదు. బావికి ఒరలుండును, గిలక యుండును, లోతు హెచ్చు. కుంట వాననీటికై ఎదురుచూచుచుండును. దొరువు ఈ రెంటికి నడుమది. ఇసుకలో నిలువెత్తు లోతున, వెడల్పుగా, అంచులు వాలుగా ఉండునట్లు త్రవ్విన గుంట అది. సేద్యగాడు రెండు చేతులతో రెండు కడవలు పట్టుకొని ఆ వాలున దిగి, ముంచుకొని, పైకెక్కి వచ్చి మొక్కల మొదళ్లకు పోయును. తీరభూమి అడుగున ఉప్పునీరుండును. వానలకు ఇంకిన మంచినీరు తేలికయగుటచే ఆ ఉప్పునీటిమీద తేలుచుండును. లోతుగా త్రవ్వినచో ఉప్పు తగులును; ఆత్రపడి ఒక్కసారిగా తోడినచో ఉప్పు పైకి ఉబికివచ్చును. కావున లోతు తక్కువగా, వెడల్పు హెచ్చుగా త్రవ్వి, కొంచెము కొంచెముగా ముంచుకొనవలెను. తరతరముల అనుభవమున మా పెద్దలు నేర్చిన ఈ విద్య యంతయు ఆ మూడక్షరముల మాటలో ఇమిడియున్నది.

ఆ మాట మూలముగా చిన్ననాట నేనొక అవమానమును పొందితిని. పట్టణమున ఉన్నత పాఠశాలలో చేరిన క్రొత్తలో మా ఊరిని గూర్చి వ్యాసము వ్రాయుమనిరి. మా అవ్వ తెల్లవారుజామున దొరువులో నీరు ముంచి వంగనారుకు పోయుటను వ్రాసితిని. ఉపాధ్యాయుడు ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, తెలుగులో అట్టి పదము లేదని తరగతి ఎదుట చెప్పెను. పిల్లలు నవ్విరి. ఆనాటి నుండి పెక్కేండ్లు నేను వ్రాతలో ఆ మాటను వాడలేదు సరికదా, అవ్వ పలికినప్పుడు కూడ లోలోపల సిగ్గుపడుచుండెడివాడను.

ఎం. ఏ. చదువు దినములలో ఒక మధ్యాహ్నము గ్రంథాలయమున బ్రౌను నిఘంటువును తిరుగవేయుచుండగా దకారమున దొరువు కనబడెను. ఇంగ్లండు దేశమునకు చెందిన దొర యొకడు నూఱేండ్లకు పూర్వమే మా అవ్వ మాటను గ్రంథస్థము చేసియుండుట చూచి నాకు కలిగిన సంతోషము చెప్పనలవికాదు. నా గురువు లేదన్న పదము ఉన్నదని సాక్ష్యమిచ్చిన ఆ పెద్దమనిషి ఎవరు, అతనికి ఇట్టి మాటలతో ఏమి పని అని తెలిసికొనవలెనను కోరిక అప్పుడే పుట్టినది. ఆయన జీవితము మన పాఠకులకు కొంత తెలిసినదే. అయినను పల్లెమాటల పక్షమున నిలిచిన మనిషిగా ఆయనను మరల ఒకసారి తలచుకొనుట యుచితమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త, ఫోర్టు విలియం కళాశాలలో అధికారి. తన బిడ్డలకు బాల్యముననే పలు భాషలు నేర్పించిన విద్యాప్రియుడు. 1812లో ఆయన గతించుటతో కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. చార్లెస్ అచట హెయిలీబరీ కళాశాలలో కుంపినీ కొలువునకు వలసిన చదువు చదివి, 1817 ఆగస్టు మాసమున మద్రాసు రేవున దిగెను. అప్పటికాతనికి పందొమ్మిదవ యేడు నడచుచుండెను. తెలుగు అక్షరములైన తెలియవు.

ఆ కాలమున మద్రాసు భాషాధ్యయనమునకు కూడలి. ఫోర్టు సెంటు జార్జి కళాశాలను 1812లో నెలకొల్పిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు తమిళ కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, అవి వేరొక కుటుంబమునకు చెందిన అక్కచెల్లెండ్రనియు 1816లోనే నిరూపించెను. ఆ నిరూపణము ఎ. డి. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు పీఠికగా వెలువడెను. ఇట్టి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు బ్రౌనునకు తెలుగున ఓనమాలు దిద్దించెను.

ఎల్లిస్ చూపిన త్రోవనే పోయి మన దొరువు పుట్టుపూర్వోత్తరములను ఇచటనే విచారింపవచ్చును. తమిళమున సేద్యపు పెద్దబావిని ‘తురవు’ అందురు. తోటయు తురవును అని జంటగా పలుకుట అచటి పరిపాటి. తమిళమున ఉకారముండు చోట తెలుగున ఒకారము వచ్చుట పెక్కు మాటలలో కలదు. వారి ‘పుగై’ మనకు పొగ, వారి ‘ఉడల్’ మనకు ఒడలు. మొదటి హల్లు పరుషమునుండి సరళమగుటయు కలదు. వారి ‘కుడై’ మనకు గొడుగు. ఈ రెండు మార్పులను కలిపి చూచినచో తురవునకును దొరువునకును గల చుట్టరికము స్పష్టమగును. వారు ‘తురై’ అనుదానిని మనము ‘దొర’ అనుట కూడ ఈ తీరుననే యున్నది. తమిళమున ‘తురువు’ అనగా తొలుచుట, కోరుట. కొబ్బరిని తురుముట అను మన మాట దీనికి చేరువది. ఇసుకను తొలిచి చేసినది గనుక దొరువు అయినదని నా ఊహ. కొట్టివేయబడిన ఆ మాట కల్తీ మాట కాదు, నిన్న మొన్నటిదియు కాదు. తెలుగు తమిళములు ఇంకను విడిపోని నాటి పాతమాటయని తలచుటకు తగినంత ఆధారము కలదు.

ఇక కథకు వత్తము. 1820లో మద్రాసు గవర్నరు పదవికి వచ్చిన సర్ థామస్ మన్రో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున పుట్టినవాడు. రైతుల కష్టసుఖములను వారి భాషలోనే వినవలెనను పట్టుదల గలవాడు. దేశభాష రాని అధికారి ప్రజలకును ప్రభుత్వమునకును ఉపకరింపడని ఆయన కళాశాల విద్యార్థులకు చేసిన హితబోధ యువకుడగు బ్రౌను మనస్సున నాటుకొనెను. ఆ యేడు ఆగస్టులో బ్రౌను కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. కచేరీలో రైతులు చెప్పుకొను మొఱలు వినగా, తాను మద్రాసులో చదివిన పద్యముల భాషకును, ఈ నోటిమాటకును గల దూరము ఆయనకు తెలియవచ్చెను. గ్రంథములలో లేని ఆ భాష తెలియనిచో న్యాయము చేయుట కల్ల అని ఆయన గ్రహించెను.

1822లో ఆయన బందరునకు బదిలీ అయ్యెను. అచట ఫ్రెంచి మతగురువు అబ్బే దుబాయి రచించిన గ్రంథమున వేమన పేరు చూచి, 1824 ప్రాంతమున ఆ పద్యములకై వెదుక నారంభించెను. వేమన అప్పటికి జనుల నాలుకలమీద నున్నవాడే గాని పండితుల పీటల దరి చేరినవాడు కాడు. ఆటవెలదులలో పల్లెపలుకులతో చెప్పిన ఆ పద్యములను విద్వాంసులు కవిత్వముగా లెక్కింపరైరి. బ్రౌను ఊరూర ప్రతులు తెప్పించి, పోల్చి, వడపోసి, ఆంగ్లానువాదముతో 1829లో ముద్రింపించెను. అంతకు రెండేండ్ల ముందు, 1827లో, తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించు గ్రంథము వెలువరించెను. ఛందస్సు తెలిసినవాడే వేమనను తలకెత్తుకొనెను గనుక ఆయన మెచ్చుకోలు అజ్ఞానమువలన కలిగినదని ఎవరును అనజాలరు.

1826లో మరల కడపకు వచ్చి అచట తోటతో కూడిన బంగళా కొనెను. దానినే ఒక విద్యాశాలగా మార్చెను. పండితులు, లేఖకులు ఆయన జీతముమీద అచట పనిచేయుచుండిరి. తాటాకు గ్రంథములు పలుచోట్లనుండి తెప్పించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు సరిచూచి, తప్పులు దిద్ది, కాగితముమీద శుద్ధప్రతి వ్రాయించుట అచటి నిత్యకృత్యము. ఆ పనివారలపై అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షకుడుగా నుండెను. తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, జూలూరి అప్పయ్య మున్నగు విద్వాంసుల పాండిత్యము బ్రౌను కృషికి వెన్నెముక. ఇందులకు సర్కారువారు ఇచ్చినది స్వల్పము. తన జీతము చాలక అప్పులు చేసి ఆయన ఈ సంసారము నడిపెను. వివాహము చేసికొనని ఆ మనిషికి అదియే సంసారము.

కొలువులో ఆయనకు మిత్రులకన్న విరోధులే హెచ్చు. మనస్సున నున్నది దాచుకొనకుండ చెప్పు స్వభావము, వాడియైన కలము అందులకు కారణములు. మాట విషయమున ఆయన పట్టుదలకు ఒక ఉదాహరణము గలదు. 1832-33 సంవత్సరములందు, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను ఘోరమైన క్షామము క్రమ్మెను. జనులు దానిని డొక్కల కరువనిరి. ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షకు మించిన జనులు మృతిపొందిరి. పశువుల సంగతి చెప్పనక్కరలేదు. ప్రభుత్వమునకు పంపు నివేదికలలో కరువు అను మాట వ్రాయుట అధికారుల అసమర్థతకు గుర్తుగా నెంచబడుచుండెడిది. కావున కొరత అని వ్రాసి ఊరకుండుట వాడుక. ఆ సమయమున అచట బాధ్యత వహించిన బ్రౌను మాత్రము కరువును కరువనియే వ్రాసెనని ఆయన చరిత్రకారులు చెప్పుచున్నారు. కొరత అన్నచో పన్ను వసూలు ఆగనక్కరలేదు. కరువు అన్నచో గంజి పోయవలసివచ్చును. ఒక పదమునకు బదులు వేరొక పదము వాడుటవలన ఎన్ని ప్రాణములు నిలుచునో, ఎన్ని పోవునో చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేల? నిఘంటుకారునకు పదముల అర్థభేదము పాండిత్య విషయము మాత్రమే కాదని ఈ ఘట్టము తెలుపుచున్నది.

పై అధికారులతో పొసగక 1834లో ఆయన ఉద్యోగము పోయెను. ఇంగ్లండునకు మరలిపోయెను. చేతిలో పనిలేని ఆ మూడేండ్లును ఆయన వృథాపుచ్చలేదు. లండనులో కుంపినీవారి గ్రంథాలయమున మన దేశపు వ్రాతప్రతులు రెండువేలకు పైగా, చూచువారు లేక, దుమ్ము క్రింద పడియుండెను. సంస్కృత పండితుడగు విల్సన్ సహకారముతో బ్రౌను వానిని పరిశీలించి పట్టికలు వ్రాసెను. తరువాత అవి మద్రాసునకు తిరిగి చేరునట్లు చేసెను. ఈనాడు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు వన్నె తెచ్చుచున్న ప్రతులలో అవి చేరియున్నవి.

ఆ ప్రతులను మొదట కూడబెట్టినవాడు జాన్ లెయిడెన్. ఆయన స్కాట్లండు సరిహద్దున డెన్‌హోమ్ అను పల్లెలో 1775లో పుట్టిన పేదబిడ్డ. సర్ వాల్టర్ స్కాటు తన సీమ జానపద గాథలను సేకరించునప్పుడు ఆయనకు కుడిభుజముగా నుండెను. 1801లో స్కాటుల ప్రాచీన గ్రంథమొకటి ప్రకటించి, దానికి తన సీమ పాతమాటల పట్టికను అర్థములతో చేర్చెను. 1803లో వైద్యుడుగా మద్రాసునకు వచ్చి, దక్షిణాది గ్రంథములను సేకరించి, 1811లో జావా ద్వీపమున అకాలమరణము చెందెను. ఆ దినములలో స్కాట్లండునను ఇట్టి ప్రశ్నయే యుండెను. రాజభాషయగు లండను ఇంగ్లీషు ముందు తమ ఇంటిమాట మోటుదని అచటి చదువరులు సిగ్గుపడుచుండిరి. జాన్ జేమిసన్ అను మతాచార్యుడు ఆ సిగ్గును లక్ష్యపెట్టక, రైతుల నోటను, వంటయింటను, పాత కాగితములందును గల మాటలను ఏరి, వాని వ్యుత్పత్తులు విచారించి, స్కాటు భాషా నిఘంటువును 1808లో ఎడింబరో నగరమున ప్రకటించెను. ఒక జాతివారు చిన్నచూపు చూచిన తమ మాటలకు మరల మర్యాద కలిగించుకొన్న తీరది. లెయిడెన్ మూటగట్టిన తాటాకులు బ్రౌను చేత బడుట దైవఘటనయే గాని, వారిద్దరి మనస్సులు ఒక్క త్రోవన నడచినవని చెప్పవచ్చును.

1838లో బ్రౌను మద్రాసునకు తిరిగివచ్చి ప్రభుత్వమున పారసీ అనువాదకుడుగా చేరెను. తరువాత తపాలా శాఖకు అధిపతియు ఆయెను. ఆయన జీవితమున ఫలకాలమిది. 1840లో తెలుగు వ్యాకరణము వెలువడెను. 1844లో వసుచరిత్రము, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రము ముద్రితములయ్యెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు లోకమునకు వచ్చెను. ప్రబంధములను అచ్చువేయించిన చేతితోనే ఆయన కావలివాని మాటలు, చాకలి మాటలు, రైతు మాటలు కాగితముమీద పెట్టెను. మన పండితుల పాతనిఘంటువులు పద్యములలో నుండి, కంఠస్థము చేయుటకు తగిన కావ్యశబ్దములను సంధించినవి. వానిలో సామాన్యుని పలుకునకు తావులేదు. బ్రౌను పద్ధతి వేరు. మనుష్యులు పలుకుట యున్నచో మాట యున్నట్లే. అది గ్రామ్యమైన గ్రామ్యమని గుర్తు పెట్టవచ్చును గాని, లేదని చెప్పరాదు. కావ్యమునుండి ఒక ప్రయోగము, వాడుకనుండి ఒక ప్రయోగము ప్రక్కప్రక్కన నిలుపుట ఆయన అలవాటు. కోటలోని రాణియు, కోడూరి ఇసుకలోని అవ్వయు ఒకే పుటలో కూర్చుండుట తెలుగున అదివరలో ఎన్నడును లేదు.

1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువు ఈ దృష్టికి మరింత సాక్ష్యము. కచేరీలలో, దస్తావేజులలో తెలుగు ఒక్కటే నడచుట లేదు. అరబ్బీ, పారసీ, హిందూస్తానీ, పోర్చుగీసు, ఇంగ్లీషు మాటలు దానిలో కలిసి, రైతునకును, ఒక్కొక్కప్పుడు న్యాయాధికారికిని అర్థముకాని భాషయొకటి పుట్టెను. చెల్లించిన పన్నునకు పుచ్చుకొన్న రసీదులో నేమున్నదో తెలియక నేల పోగొట్టుకొన్నవారెందరో! అట్టి మాటలకు అర్థములు చెప్పుటకే ఈ కోశము. నేడు మన నోట తిరుగు ఇట్టి మాటల పుట్టుక విచారించిన ఆశ్చర్యము కలుగును. రైతు అరబ్బీ మాట. మొదట పాలింపబడు ప్రజ యని దాని అర్థము. జిల్లా అరబ్బీలో ప్రక్కటెముక, ప్రక్క. దస్తావేజులోని ‘దస్తు’ పారసీలో చేయి. మేస్త్రి, వేలము, బొత్తాము, అలమార పోర్చుగీసు ఓడలలో వచ్చినవి. ఇవి పరాయివని పండితులు త్రోసివైచిరి. రైతు అను మాటను త్రోసివైచినచో రైతు ఎచటికి పోవును? బ్రౌను ఈ సంగతి ఎరిగినవాడు.

ఆయనయందు లోపములు లేవని నేననను. అరసున్నలను, బండిఱాలను ఆయన చాలవరకు లక్ష్యపెట్టలేదు. శబ్దముల పుట్టుక తెలిసికొనుటకు అవి ఎంత యావశ్యకములో తరువాతి శాస్త్రజ్ఞులు చూపియున్నారు. పండితులతో పనిచేయుచునే పండితులను కఠినముగా విమర్శించెను. ఆయన పేర ప్రసిద్ధికెక్కిన శ్రమలో పెద్దపాలు మన విద్వాంసులది. వారి పేర్లు నేటి విద్యార్థులలో పదుగురకైన తెలియవు. ఆయన కుంపినీ ఉద్యోగి, ఏలికల జాతివాడు. ఇవన్నియు నిజములే. అయినను ఏలువాడు ఏలబడువాని నోటిమాటను చెవియొగ్గి విని, వ్రాసికొని, దానికి అర్థమడిగి నేర్చుకొనుట చరిత్రలో అరుదు.

ఆరోగ్యము చెడి 1855లో ఆయన శాశ్వతముగా లండను చేరెను. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా గౌరవపదవి లభించెను. తన సాహిత్యజీవిత కథను చిన్నపుస్తకముగా వ్రాసికొనెను. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సున, తెలుగు పలుకువారెవరును దరిలేని ఆ మహానగరమున కన్నుమూసెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

మరుసటి సంవత్సరము, 1885లో, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము వెలువడెను. అది మహత్తరమైన గ్రంథము. దానిని చూడనిదే నేను తరగతికి పోను. అయినను దాని చూపు కావ్యప్రయోగమువైపు. మాటకు ప్రమాణము కవియా, పలుకువాడా అను వాదము అటు తరువాత మన సాహిత్యమును ఊపివేసినది. గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతయు ఆ వాదమునకే అర్పించి 1940లో గతించెను. బ్రౌను నిఘంటువు మాత్రము 1903లో కందుకూరి వీరేశలింగము ప్రభృతుల సంస్కరణముతో మరల వెలువడి, నేటికిని అచ్చగుచునే యున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో ప్రారంభమైన మాండలిక వృత్తిపదకోశము ఆ త్రోవలో ముందడుగు. జిల్లాజిల్లాకు పోయి సేద్యగాండ్రను అడిగి ఆ కోశమునకు మాటలు ప్రోగుచేసిరి.

మా నెల్లూరివారు బ్రౌను ఋణమును కొంత తీర్చుకొనిరనుటకు గర్వపడుచున్నాను. మినగల్లులో 1938లో పుట్టిన బండి గోపాలరెడ్డి, బంగోరె యను పేర ప్రసిద్ధుడైన పత్రికారచయిత, పాత కట్టలలో మరుగుపడిన బ్రౌను లేఖలను శ్రమించి త్రవ్వితీసి, 1970 దశకమున తిరుపతి విశ్వవిద్యాలయము ద్వారా ఆయన జీవితమును తెలుగువారికి మరల పరిచయము చేసెను. 1982లో ఆయన అకాలమున గతించుట మన దురదృష్టము. కడపలో బ్రౌను నివసించిన తావున జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో బ్రౌను పేర గ్రంథాలయము వెలసినది.

కడపటిగా మా దొరువు సంగతి. మా అవ్వ పోయి ముప్పదియేండ్లు దాటినది. ఆమె నీరు ముంచిన దొరువు పూడిపోయినది. 1990 దశకము నుండి మా తీరమున రొయ్యల గుంటలు పెరిగినవి. మిగిలిన చోట్ల గొట్టపు బావులు వచ్చినవి. కడవలు మోయు పని తప్పినందుకు ఎవరును విచారింపనక్కరలేదు. ఆ బరువు మోసినవారి భుజములను చూచిన నేను ఆ దినములు మరల రావలెనని కోరను. అయితే వస్తువుతోపాటు మాటయు పోవుచున్నది. మాటతోపాటు, తేలికయైన నీటిని ఉప్పుమీదనుండి నొప్పింపకుండ ఎట్లు తీసికొనవలెనో తెలిపిన విద్యయు పోవుచున్నది. నేడు తీరమున గొట్టములు లోతునకు దింపి బలముగా తోడగా ఉప్పు తగులుచున్నదని రైతులు వాపోవుచున్నారు. వారి తాతలకు ఈ సంగతి తెలియును. వారి మాటలోనే అది యున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో దొరువనగా నేమని ప్రశ్నించితిని. నలుబదిమందిలో చేయెత్తినది ఒక్క బాలిక. వాళ్ల తాత అనుచుండునని చెప్పి, తప్పు చేసినదానివలె తల వంచుకొనెను. ఆ వంచిన తలలో నన్ను నేను చూచుకొంటిని. బల్లమీదనున్న బ్రౌను నిఘంటువు తెరచి ఆ పుట ఆమె చేతనే తరగతికంతకు చదివించితిని. ఆనాటినుండి ప్రతి సంవత్సరము నా విద్యార్థులకు ఒక పని చెప్పుచున్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వతాతల దగ్గర కూర్చుండి, పుస్తకములలో తమకు కనబడని మాటలు పది, వాని అర్థముతోను, ఆ మాట ఏ పనిలో వచ్చునో ఆ వివరముతోను వ్రాసికొని రావలెను. మొదట నవ్వుదురు. తిరిగి వచ్చునప్పటికి పదింటికి బదులు ముప్పది తెచ్చువారు కలరు. ఆ నోటుపుస్తకములు మా ఇంట ఒక బీరువాలో భద్రముగా నున్నవి. మొదటి పుస్తకము మొదటి పుటలో, ఆ బాలిక గుండ్రని చేవ్రాతతో, దొరువు అను మాట యున్నది.